కాకిబంగారం

ఆదివారం పొద్దున్నే స్టోన్‌హౌస్‌పేటలో
ఖాదర్ మస్తాన్ పాత సామాను కొట్టు ముందు కూచుంటాను.
తూకానికి కొన్న ఇనుము తూకానికే అమ్ముతాడతను.
నేనడిగేవాటికి మాత్రం తక్కెడ తీయడు,
నా ముఖం చూసి రేటు చెబుతాడు.
అందుకే ముఖం ఇంట్లో పెట్టి రావడం నేర్చుకున్నాను.

అమెరికా మిషను ఆస్పత్రి పాత వార్డు పడగొట్టినప్పుడు
ఒక లారీడు సామాను దిగింది.
తలుపులూ కిటికీ చువ్వలూ పోగా
అడుగున మిగిలినవి నావి:
సూది లేని గాజు సిరంజి, దాని మఖమల్ గూడు,
రోచెస్టర్ అని ఇత్తడి మీద చెక్కిన సూక్ష్మదర్శిని
(కటకానికి బూజు పట్టినా
ఉల్లిపొరను నేటికీ ఇటుకగోడ చేసి చూపిస్తుంది),
మీట నొక్కితే పన్నెండు కత్తులు
ఒక్కసారిగా నాలుక చాపే చిన్న పెట్టె,
చెడు రక్తం తీయడానికట.
దాన్ని మా ఆవిడ బియ్యం డబ్బా పక్కన పెట్టనివ్వదు.

హైస్కూలు ల్యాబులో అటెండరుగా ముప్పయ్యేళ్ళు
పగిలిన బీకర్లకు సంజాయిషీ రాసినవాణ్ణి.
పగలకుండా సముద్రాలు దాటినవాటిని చూస్తే
నాకు కొంచెం అసూయ.
ఒక్కోదానికీ అట్టముక్క మీద పేరు, ఊరు, ఏడు రాసి
నూలుదారంతో కడతాను.
ఫిలడెల్ఫియా అని రాసేటప్పుడు
ఫ ఒత్తు దగ్గర ప్రతిసారీ కలం ఆగుతుంది.

పోయిన ఎండాకాలం దొరికింది కరెంటు పెట్టె.
రెండు ఇత్తడి గొట్టాలు, చెరో చేత్తో పట్టుకోవాలి.
మూత వెనక అంటించిన కాగితంలో
నరాల నీరసం, తలనొప్పి, పక్షవాతం,
దిగులు కూడా పోతుందని ఉంది.
చదివి వినిపిస్తే మస్తాన్ నవ్వి
"దిగులుకు అయిదొందలు ఎక్కువ" అన్నాడు.

రాత్రి ముందేసుకుని మరలు విప్పాను.
తీగచుట్ట కింద, మైనంతో మూసిన అర.
మైనం గోకితే
తగరం రేకు, దాని మీద అభ్రకం,
మళ్ళీ తగరం, మళ్ళీ అభ్రకం,
ఎవరో ఓపిగ్గా పేర్చిన దొంతర.
ఒకటి లాగి దీపానికి అడ్డం పెట్టాను.

పచ్చచాయ.

"బీహారుది ఎరుపు తిరుగుతాది,
మనది పచ్చ తిరుగుతాది అబ్బయా."
కలిచేడు షెడ్డులో గోనెపట్ట మీద కూచుని
మా అమ్మ చెప్పిన మాట.
చీల్చుడులో చెంగమ్మ అంటే పేరు.
కత్తిమొన ఆనించి, ఊపిరి బిగబట్టి,
ఒక రేకును రెండు, రెంటిని నాలుగు,
చివరికి ఊదితే లేచేంత పల్చన.
పొద్దుగూకేసరికి ఆమె రెప్పలు తళతళలాడేవి.
ఊళ్ళో అందరూ కాకిబంగారం అనేవాళ్ళు.
కాకి ఎవరో ఎవరూ చెప్పలేదు.

ఈ పెట్టె అమ్మ పుట్టకముందుది.
అవ్వ చీల్చిందో, అవ్వ పక్కన కూచున్నామె చీల్చిందో,
పేరు లేకుండా ఓడెక్కింది,
పేటెంటు నంబరు కుట్టించుకుని తిరిగొచ్చింది.
వేరే ఏ దేశపు పచ్చరాయో కూడా కావచ్చు,
నేను ఒట్టెయ్యను.

అమ్మ ఆఖరి ఏడంతా దగ్గు.
నా దగ్గరొక చెక్క గొట్టముంది,
వెనకటి డాక్టర్లు చెవికి ఆనించి వినేది.
తెలిసీ తెలియక ఆమె వీపున పెట్టాను.
"ఏం వినపడతా ఉండాదిరా?"
రేకు చీలే చప్పుడు.
"ఏం లేదుమా" అన్నాను.

లోపలి భాగాలన్నీ అసలువేనా అని
మద్రాసు వ్యాపారి ఫోనులో అడుగుతాడు.
అసలువే. ఒకటి తక్కువ.
అది అమ్మ రేషన్ కార్డు మడతలో ఉంది.
అట్టముక్క మీద ఊరు దగ్గర ఖాళీ వదిలాను.

తిరిగి ఎన్నిసార్లు బిగించినా పెట్టె పలకడం లేదు.
మొన్న మస్తాన్ అడిగాడు, పనిచేస్తోందా అని.
అయిదొందలు వెనక్కిస్తావా, అన్నాను.