రసమట్టం

మురకంబట్టు చివర, పల్పు ఫ్యాక్టరీ గోడ వెనక
ముప్పై సెంట్ల మునిసిపాలిటీ జాగా.
ఎస్టిమేటు కాగితం నా చేతిలో పెట్టి
"లెవెలు చెయ్ అబ్బా, అంతే" అన్నాడు దొరస్వామి.
కాగితంలో రాసింది చదివినా:
జారుడుబల్ల ఒకటి, ప్లాస్టిక్‌ది, పసుపు రంగు.
సిమెంటు పలకలు. చుట్టూ కంచె.
గేటుకు తాళం.

పదైదేండ్లుగా నా పని లెవెలు చేసేదే.
మిట్టను చూస్తే నా చెయ్యి దానంతటదే
లీవరు మీదికి పోతాది.
వెంచర్ల కోసం ఎన్నిటిని చదును చేసినానో
లెక్కబెట్టుకుంటే నిద్ర పట్టదు,
అందుకే లెక్కబెట్టను.

ఆ పొద్దు జాగా నడుమ ఒక దిబ్బ ఉండాది.
ఎవరి పునాదిదో, మిగిలిపోయిన మన్ను.
రెండు వానలు తాగి తంగేడు మొలిచింది,
ఫ్యాక్టరీ టెంకలు దొర్లొచ్చి
రాగిరంగు ఆకులేసినాయి.
దాని మీద పదకొండు మంది పిల్లకాయలు.

హారన్ కొట్టినా. దిగలేదు.
ఇంజను చేత రంకె వేయించినా. ఇంకా సంతోషపడినారు.
షబీనా అంట, ఆరేండ్లది, ముందుపళ్ళు రెండూ లేవు,
నా బకెట్టు పళ్ళకు ఎదురుగా నిలబడి
"దీని పళ్ళు ఎప్పుడు ఊడతాయి?" అనడిగింది.

బండి ఆపేసి కానుగ చెట్టు కింద బీడీ ముట్టించినా.
అక్కడ కూర్చుంటే తెలిసింది
ఆ దిబ్బకు దోవలుండాయని.
ఒకటి పరిగెత్తేదానికి.
ఒకటి గోనెసంచి మీద జారేదానికి.
ఇంకొకటి, కాలు సరిగా రాని మోక్షిత్‌ది.
వాడు వెనక్కి తిరిగి కూర్చోని, చేతుల్తో తోసుకుంటా
మెట్టు మెట్టుగా ఎక్కతాడు.
ఆ మెట్లు వాడే తవ్వుకున్నాడు, చెంచాతో.

అంగన్‌వాడీలోంచి చెంగమ్మ టీచరు వచ్చింది,
పప్పుగరిటె చేతిలోనే ఉండాది.
"పక్క వార్డులో పెట్టిన పసుపు బల్ల చూసినావా?
పదిగంటలకే పెనం. దోసె పోసుకోవచ్చు."

మూడు దినాలు దొరస్వామి ఫోనుకు ఒకే మాట చెప్పినా:
"హైడ్రాలిక్ పైపు పగిలింది సార్."
అబద్ధమే.

దిబ్బను ముట్టలేదు.
పక్కన మోకాలి లోతుకు తగ్గించి గుంత తీసినా.
గాలివానకు పడిన మామిడి మానును ఈడ్చుకొచ్చి
బెరడు తీయకుండా అడ్డంగా పడేసినా.
పాలిష్ యూనిట్ వాళ్ళు పారేసిన రాళ్ళను, అంచులు అరగదీసి,
చిన్న కాలికి అందీ అందని దూరంలో పరిచినా.
గాజుపెంకులు మాత్రం చెంగమ్మా నేనూ
జల్లెడ పట్టి ఏరినాము, రెండు గంపలు.

"పామొస్తే ఎవురు పూచీ?" అని
కుప్పమ్మ కొట్లాటకొచ్చింది.
నా దగ్గర జవాబు లేదు.
మరుసటి పొద్దు నుంచి ఆమే కట్టె పట్టుకోని
పొదపొదనూ తట్టి, నన్ను తిట్టి పోతాండాది.

మూడు దినాల బాడుగ రాలేదు.
ఇంట్లో ఇంకా చెప్పలేదు.

తొలివానకు గుంత నిండింది.
కప్పలు ఏ కాగితమూ అడగకుండా వచ్చేసినాయి.
ఎర్రటి ఆరుద్ర పురుగును అరచేతిలో పెట్టుకోని
మోక్షిత్ పొద్దుగుంకేదాకా కదల్లేదు,
వాడు ఆటలో లేడని ఎవరూ అనుకోలేదు.

ఫైలు ఏమైతాదో తెలీదు.
దొరస్వామి పంపిన తాళం నా సీటు కింద ఉండాది.

నిన్న కొలతలు రాసుకోను ఒక సారు వచ్చినాడు.
దిబ్బ మీద పలక పెట్టి, పలక మీద రసమట్టం పెట్టినాడు.
గాజులో బుడగ నడుమ నిలబడలేదు,
ఒక కొనకు జర్రున జారిపోయింది.
"ఇంకోసారి సార్, ఇంకోసారి!"
పిల్లకాయలంతా ఒకటే అరుపులు.

సారు నా తట్టు చూసినాడు.
నేను బండి తట్టు చూసినా.
ఇంకోసారి పెట్టినాడు.