భూమి తిన్న లెక్క

సర్జాపురంలో సంత లేని రోజు.
పాతర తెరవాలని పిల్లారెడ్డి కబురంపితే
మా చిన్నాయన నన్ను చెవి పట్టుకుని తీసుకుపోయినాడు.
దాని మూతిలో దూరేంత సన్నటివాణ్ణి
మా వీధిలో నేనొక్కణ్ణే మిగిలినాను.

ముందు పేడ పొర చెక్కినారు.
తర్వాత మట్టి. తర్వాత బండ.
ఊరు ఖాళీ చేసి తోపులో గుడిసెలు వేసుకోబోయే ముందు రోజు
హడావిడిగా మూసిన పాతర అది.
గడ్డపారకి బండ కదలగానే
అందరూ ముక్కు మూసుకుని వెనక్కి జరిగితే
కుక్క ఒకటి ముందుకొచ్చింది.
ఏడేళ్ళు మూసిన నోరు తెరిస్తే
ఎవరి నోరైనా అంతే కదా.

మొదట దిగేది మనిషి కాదు, దీపం.
ఆముదపు ప్రమిదని తాడుకు కట్టి వదిలితే
నిలువు లోతు పోకముందే ఆరిపోయింది.
"ఇంకా ఊపిరి రాలేదు" అన్నాడు చిన్నాయన,
పాతర గురించే.
వేపకొమ్మలు దించి లోపలి గాలిని కలియదిప్పినారు.
వక్కాకు నమిలినారు.
బెంగళూరు పేట వీధుల్లో
నూనె లేని దీపాలు వెలుగుతున్నాయని
నిమ్మకాయల బండి తోలే ఓబన్న చెప్పినాడు.
అవి ఆరిపోతే అక్కడ కూడా దిగకూడదా అని అడిగినాను.
ఓబన్న తప్ప ఎవరూ నవ్వలేదు.

మూడోసారి దీపం ఆరలేదు.

నడుముకి తాడు, చేతిలో చేట.
లోపల వెచ్చగా ఉంది,
జ్వరమొచ్చినవాడి దుప్పట్లో దూరినట్టు.
కాళ్ళ కింద రాగులు జారి జారి
మోకాళ్ళ దాకా మింగి ఆగినాయి.
నా మూడో ఏట కురిసిన వాన
అక్కడ గింజలై కూర్చొని ఉంది.
పైన ఆకాశం రెండణాల బిళ్ళంత.
దానికి ఎవరిదో తల అడ్డమొచ్చి
"ఉన్నావా?" అంది.
"ఉన్నా" అన్నాను.
అది పెద్దవాడి గొంతులా వినపడి నాకే భయమేసింది.

పొద్దు వాలేదాకా గంపలు పైకి పోయినాయి.
ఒకటి అనకుండా "లాభం" అని మొదలుపెట్టి
కొళగంతో కొలిచినారు.
చాప మీద శానుభోగు నంజుండయ్య గీతలు గీసినాడు.
పోసింది నలభై పల్లాలు.
వచ్చింది ముప్పై ఏడున్నర.
పిల్లారెడ్డి నా మొలతాడు వైపు చూసినాడు.
గోచి విప్పి దులిపించినాడు.
చెమటకి అంటుకున్న నాలుగు గింజలు రాలితే
కుక్క కూడా వాసన చూడలేదు.

నంజుండయ్య చెవి మీది కలం తీసి
అడ్డుగీత కింద రాస్తూ పైకే చదివినాడు:
"భూమి తిన్నది, రెండున్నర."
ప్రతి పాతరకీ రాసే మాటేనట అది.
గోడ పక్కన తేమకి ముద్దయి
పోయేది పోతుంది, ఎవరినని అడుగుతాం?
పిల్లారెడ్డి ఒప్పుకున్నాడు.

చిన్నాయన తాడు చుడుతూ చుడుతూ ఆగినాడు.
"సామీ, ఆ ఏడు మా వీధిది ఎంత రాసినారు?"

నంజుండయ్య పుస్తకం మూయలేదు.
వెనక్కి తిప్పనూ లేదు.
సిరా మీద ఇసుక చల్లి, అది ఆరేదాకా చూసి
"అది వేరే పుస్తకం" అన్నాడు.
"తాలూకా కచేరీలో ఉంది."

కూలి రెండు సేర్లు,
పాతర రాగులు కాబట్టి అరసేరు ఎక్కువ.
ఆ రాత్రి పిన్ని సంగటి కెలికితే
ఇల్లంతా అదే కంపు.
తొలి ముద్ద దిగక నేను నీళ్ళు తాగినాను.
చిన్నాయన రెండు తిని, మూడోది అడిగి
"బాగా మాగింది" అన్నాడు.
పిన్ని ఏమీ అనకుండా నా తట్టలో ఉప్పుగల్లు పెట్టింది.

రెండు రోజులు నా జుట్టులోంచి ఆ వాసన పోలేదు.
మూడో రోజు నేనే వెతుక్కున్నాను.
లేదు.