సొరుగు మారిన రోజు

జూలై చలి. అంతననరీవులో
మ్యూజియం వెనకగదికి హీటర్ లేదు.
నాఫ్తలీన్ వాసన కోటుకు పట్టుకుని
రాత్రి అన్నం ముద్దలో కూడా తగులుతుంది.

పదకొండో సొరుగు లాగితే
వరసగా పడుకుని ఇరవైమూడు సుకినలు.
కడుపులో దూది, కాలికి దారం, దారానికి చీటీ.
నూరేళ్ళ కిందటి ఫ్రెంచి చేతిరాత:
ముళ్ళెలుకల కుటుంబం.

ఎవరైనా అదే రాస్తారు.
ఆ ముళ్ళూ, ఆ కోసుమూతీ,
భయమేస్తే బంతిలా చుట్టుకునే ఆ ఒళ్ళూ చూసి.
మనిషిని పోలిన మనుషులే ఏడుగురుంటారట,
ఇక జంతువుల సంగతి చెప్పాలా!
చుట్టూ తినేవాళ్ళుంటే
ముళ్ళు ఎవరికైనా మొలుస్తాయి.

నిన్న ఫలితాలొచ్చాయి.
చిటికెడు కాలేయంలోంచి తీసిన
నాలుగే అక్షరాల రాత,
పేజీలకు పేజీలు, ఊపిరి తీసుకోని ఒకటే వాక్యం.
దాన్ని మిగతా వాళ్ళ వాక్యాల పక్కన పరిచి
ఒప్పులు వదిలేసి తప్పులు వెతికాం.
పరీక్షలో పక్కవాడి తప్పును కూడా దించేసినవాడు
దొరికిపోతాడే,
అలా దొరికింది సుకిన.

దాని వాళ్ళు ముళ్ళెలుకలు కారు.
ఇసుక కింద ఈదే గుడ్డి బంగారు మోల్,
చెదపుట్టలు తవ్వే ఆర్డ్‌వార్క్,
సముద్రం అడుగున గడ్డి మేసే దుగాంగ్,
ఇంకా
ఏనుగు.

"ఏనుగా?"
రవెలుమనంత్సువా గారు దగ్గొచ్చేదాకా నవ్వారు.
"ముప్పై ఎనిమిదేళ్ళుగా వీటి దుమ్ము దులుపుతున్నాను.
ఒక్కదానికీ తొండం కనబడలేదమ్మా."

ఈ దీవిలో ఏనుగుల్లేవు. నేనూ చూడలేదు.
మా దగ్గరున్నది ఎవరో ఇచ్చిపోయిన ఒక దవడపన్ను,
ఇటుకంత బరువు.
దాని పక్కన సుకిన పుర్రె పెట్టాను,
ఇటుక పక్కన చింతగింజ.
ఇద్దరం కాసేపు ఊరికే చూశాం.

మా దేశంలో అన్నదమ్ములకైనా
ఒకే ఇంటిపేరు ఉండాలని లేదు.
నా పేరులో నాన్న పేరు ఒక్క ముక్కా లేదు.
ఎవరు ఎవరివాళ్ళో తెలియాలంటే
చివరికి ఏ సమాధిలో పడుకుంటారని అడగాలి.
ఆ మాట నేననలేదు. ఆయనే అన్నారు,
టోపీ తీసి చేత్తో పట్టుకుని:
"అయితే ఇన్నాళ్ళూ వీళ్ళు
పరాయి సమాధిలో ఉన్నారన్నమాట."

ఒక్కో ట్రేనీ రెండు చేతుల మీద మోశాం.
నాలుగో సొరుగులో, ఏనుగు పన్ను కింద, చోటు చేశాం.
పాత చీటీలు తీసెయ్యబోతే ఒప్పుకోలేదాయన.
కొత్తవి వాటి పక్కనే కట్టించారు.

సాయంత్రం గోడమీది పటం దగ్గర
కొమ్మలు విడిపోయే చోటున్న చుక్కమీద వేలు పెట్టారు.
"ఇదెవరు?"
తెలీదండీ. పేరు లేదు, ఎముక దొరకలేదు.
ఉండి తీరాలి, అంతే.
"ఏనుగా, సుకినా?"
రెండూ కాదు. అప్పటికింకా
రెండూ కాలేదు.

ఆదివారం మా ఊళ్ళో మా సమాధి తెరిచారు.
కొత్త పట్టుబట్టలు, రమ్ము, అరువు తెచ్చిన క్లారినెట్లు.
ముత్తవ్వను ఎత్తబోతే
చివికిన గుడ్డ చేతిలోనే విడిపోయింది.
ఆమె ఎముకల్లో ఇంకెవరివో ఎముకలు.
అలవాటు కొద్దీ నేలమీద కూర్చుని
పొడుగువి ఒకవైపు, పొట్టివి ఒకవైపు
వేరుచేయడం మొదలుపెట్టాను.

మేనత్త జఫినిరీనా నా మణికట్టు పట్టుకుంది.
"ఏం చేస్తున్నావే?
ఇద్దరూ మనవాళ్ళే. కట్టెయ్యి."

కట్టాను.
క్లారినెట్లు మళ్ళీ అందుకున్నాయి,
మూటను భుజాలమీదికెత్తి అందరూ చిందేస్తున్నారు.
ఎవరిదో చిన్న వెన్నుపూస ఒకటి
ఇంకా నా గుప్పిట్లోనే ఉంది.