కొమ్ముపొడి

పర్లాకిమిడిలో అద్దెపుస్తకాల కొట్టు నాది.
రోజుకి పావలా.
నూట పన్నెండు డిటెక్టివ్ నవలలు,
ఒక కుంటి బల్ల,
ముద్ర వేయడానికి ఊదా సిరా పేడు.

ఆ ఎండాకాలం పుస్తకాలు ఒక్కొక్కటే
తోక తెగి తిరిగొచ్చాయి.
హంతకుడి పేరున్న ఆఖరి కాగితం,
అదొక్కటే, లేదు.

ఊరు నా మీద పడింది.
పోస్ట్‌మేన్ బిసోయి మూడు రాత్రులు నిద్రపోలేదట.
పాతపట్నం నుంచి ఏరు దాటి వచ్చే టీచరమ్మ
"చంపిందెవరో చెప్పు,
లేదా నా పావలా నాకిచ్చెయ్" అంది.
చెప్పాను.
ఎవరు ఏ పుస్తకం తెచ్చినా
తడుముకోకుండా చెప్పాను.
అప్పుడది నాకు వింతగా తోచలేదు.

మొదట అనుమానం కాంపౌండర్ సాహు మీద.
వాడికి పొట్లాలకి కాగితం కావాలి.
నాలుగు రోజులు తలనొప్పి అని చెప్పి
మాత్రలు కొని, పొట్లాలు విప్పి చూశాను.
అన్నీ పాత కేలండర్లు.

నూట పన్నెండూ కాచి వడపోసినదాన్ని,
నాకా దొంగ దొరకడు?
తలుపు మూసి, దీపం దగ్గర పెట్టుకుని
చింపిన చోట మిగిలిన పీచు చూశాను.
కుడిచేత్తో లాగితే ఇటు వాలాలి.
అటు వాలింది.
కుట్టు సందులో నల్లటి పొడి.
బొగ్గయితే వేలికి అంటేది.
కాటుకయితే జిడ్డుండేది.
అగ్గిపుల్ల మంట మీద చిటికెడు వేశాను.
నిప్పులో జుట్టు పడ్డ వాసన.

గేదెకొమ్ము!

కొమ్ముని కొంగగా, దువ్వెనగా
మార్చే చేతులు ఈ ఊళ్ళో చాలా ఉన్నాయి.
పుర్రచెయ్యి మాత్రం ఒక్కటే.
జోగి మహారణా.

ఇక్కడే నా లెక్క కాలు విరిగింది.
అతనికి తెలుగు అక్షరం రాదు.
ఒడియా అక్షరమూ రాదు.

గుణుపురం చిన్నబండి కూత వేసే వేళ
వాళ్ళ వీధికి వెళ్ళాను.
ఆకురాయి కింద కొమ్ము గరగరలాడుతోంది.
గడపలో అతని భార్య రాజులమ్మ,
ఏటికి అవతలి పిల్ల,
నా పుస్తకమే పైకి చదువుతోంది.
కథ అడ్డం తిరిగిన చోట
ఆకురాయి ఆగుతోంది.

"ఆఖరి కాయితం నేనే తీసేస్తాను"
అన్నాడు, దాచకుండానే.
"దీనికి ముందే తెలిస్తే
గొంతు మారిపోతుంది, నాకు దొరికిపోతుంది.
నేను పట్టుకోవాలి కదా?
కొంగ మెడ ఎటు తిరగాలో
కొమ్ములో ముందే ఉంటుంది.
తొందరపడితే విరుగుతుంది."

ద్వారబంధం మీద ఉలిగాట్లు చూపించాడు.
నిలువుగాటు: సరిగ్గా చెప్పింది.
అడ్డగాటు: తప్పింది.
నిలువు పద్నాలుగు, అడ్డం అయిదు.

ఇన్నేళ్ళలో నేను ఒక్కటైనా...
సరే, ఆ మాట ఇప్పుడెందుకు.

జరిమానా సంగతి నా నాలుక మీద ఉండగానే
రేకుపెట్టె తెచ్చాడు.
పంతొమ్మిది కాగితాలు
పేకముక్కల్లా నేలమీద పరిచాడు.

"చదవడం రాదు గానీ
చూడ్డం వచ్చమ్మా.
మిగతా కాయితాలు పదిమంది నలిపినవి.
పసుపు, పొగాకు, ఎవరిదో జీడిపిక్కల నూనె.
వీటిమీద అవీ ఉన్నాయి.
కానీ అన్నిటికంటే అడుగున,
ప్రతిదానికీ, కింది మూల,
ఒకే బొటనవేలు."

ఊదారంగు.
ముద్ర తడి ఆరకముందే
తొందరగా తిప్పిన వేలు.

"కొత్త పుస్తకం రాగానే
మొట్టమొదట చివరికి వెళ్ళిపోయేది
ఎవరమ్మా?"

రాజులమ్మ నవ్వు ఆపుకోలేక
లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది.
కుడిచెయ్యి కొంగులోనే ఉంచి
చెంబు ఎడమచేత్తో అందుకున్నాను.

అతను అదీ చూశాడు.