ఊకలో పడ్డ బంతి

ఆదివారం పొద్దుగాల్నే నేను సున్నం కలుపుతుంటే
సైదులొచ్చి చెవిల చెప్పిండు:
"ఇస్మాయిల్ సార్‌ను తీసేసిండ్రంట."
చేతిల డబ్బా చేతిలనే ఉంది,
గీత మాత్రం కార్నర్ కాడ వంకర పోయింది.

మిర్యాలగూడల రైస్‌మిల్లులెన్నో నేనెన్నడూ లెక్కపెట్టలే.
మా గ్రౌండ్ గోడ అవతలిది మాత్రం పురుషోత్తం సేటుది.
టీమూ ఆయనదే. నెట్లూ ఆయనయే.
పదహారు జతల బూట్లు ఒక్కనాడే దించిండు.
సైదులు ముంజెయ్యి ఇరిగితే
నల్గొండకు కారుల తోలి కట్టు కట్టించిండు.
అబద్ధమెందుకు,
నా కూలి గూడ ఆయన గల్లపెట్టెల నుంచే వస్తది.

సారు ఇచ్చింది చూపెట్టుమంటే ఏడ చూపెట్టాలె?
హర్యా ఎడమకాలు చూపెట్టాలె.
దామరచర్ల దిక్కు తండా నుంచి
మేకల ఇడిసిపెట్టి వచ్చిన పోరడు,
కుడికాలుతోని తన్ని తన్ని యాష్టకొస్తే
"నీది ఎడమకాలు బిడ్డా, ఎవడు మార్చిండు నీకు?"
అన్నడు సారు. గంతే.
ఆ యేడు పందొమ్మిది గోల్స్.

లొల్లి గా కాలు కాడనే మొదలైంది.
సేటు తన మేనల్లుడు ప్రణీత్‌ను ముందల ఆడించుమన్నడు.
సారు నాలుగు రోజులు చూసిండు పిలగాన్ని,
ఐదో రోజు బెంచి తుడిపించి కూసోవెట్టిండు.
"మిల్లు నాది, జట్టు నాది" అని కబురొచ్చింది.
"గోలు మాత్రం కొట్టినోనిది సేటూ" అని తిరుగు కబురు పోయింది.
తెల్లారి ఉడకబెట్టిన గుడ్లు బందైనయ్,
ఆ తెల్లారి అరటిపండ్లు.

యాదయ్య హోటల్ల బెంచీలు రెండైనయ్.
కిటికి పక్క బెంచి సేటుది:
"అన్నం పెట్టిన చెయ్యి కరుస్తర్రా?"
పొయ్యి పక్క బెంచి సారుది:
"అన్నం పెట్టినోడు ఎట్ల నమలాల్నో గూడ చెప్తడా?"
మంగలి బిక్షమయ్య ఒకనికి సగం గడ్డం గీసి
"నువ్వు ఎటు?" అన్నడంట,
జవాబు ఇన్నంక
మిగిలిన సగం ఇంటికాడ గీసుకొమ్మన్నడంట.
మా ఇంట్ల గూడ అదే కథ.
నా పెండ్లాం సేటు మిల్లుల నూకలు చెరుగుతది,
"నెలకు బియ్యం మీ సారు ఇస్తడా?" అన్నది.
పిల్లగాడు పళ్లెం దొబ్బి లేచిండు.
నేను నీళ్లు తాగిన.

కోదాడోళ్లతోని మ్యాచ్.
సగం మంది గ్రౌండ్‌కు ఈపు తిప్పి నిలబడ్డరు,
సగం మంది వాళ్ల ఈపులు చూసుకుంట తిట్టిండ్రు.
ఆట చూసింది నేనొక్కన్నే కావొచ్చు.
గేటు బయట స్కూటర్ మీద ఒకాయన
హెల్మెట్ తియ్యకుండ కూసున్నడు.
ఎవరో అందరికీ ఎరుకే.

ప్రణీత్ కొట్టిండు. బంతి గోడ దాటింది.
మిల్లు ఎనక ఊక గుట్టల పడ్డది.
ఇంకో బంతి లేకపాయె.
కిటికి బెంచి ఉరికింది, పొయ్యి బెంచి ఉరికింది,
మోకాళ్ల దాంక ఊకల దిగి చేతులతోని తోడిండ్రు.
దగ్గులు, తుమ్ములు.
ముఖాలన్నీ వడ్ల రంగు పూసుకున్నంక
ఎవడు ఏ బెంచో నాకైతే తెల్వలే.
ప్రణీత్ నా పక్కన తోడుకుంట
"నేనడగలేదు అంకుల్, మామనే ఆడుమన్నడు" అన్నడు.
పదిహేడేండ్ల పోరడు. ముక్కు కారుతున్నది.

హర్యా చెయ్యి పెట్టలే.
ఎడమకాలు ఊకల దింపి, కండ్లు మూసుకొని,
చీకట్ల చెప్పు ఎతికినట్టు తడిమి
బంతిని పైకి లేపిండు.

"సేటు ఊకల దొరికింది!" అన్నది ఒక బెంచి.
"సారు చెప్పిన కాలికి దొరికింది!" అన్నది ఇంకోటి.
ఆడనే, ఊక మీదనే, అంగీలు పట్టుకున్నరు.

ఓడినం. ఎన్నిటికి ఓడినమో యాదికి లేదు.
బయటికొస్తే స్కూటర్ లేదు,
మన్నుల నాలుగు నూనె చుక్కలున్నయ్.

కార్నర్ కాడ వంకర గీత ఇంకా అట్లనే ఉంది.
నువ్వు ఎటని ఇప్పటికీ అడుగుతుంటరు.
జేబు తిరగేసి చూపెడ్త.
జరంత ఊక రాల్తది.