గోడ హాజిరి

అమీర్‌పేటలో మూడో అంతస్తు. లిఫ్టు లేదు.
మెట్ల మలుపుల్లో తొంభై రోజుల్లో కొలువిప్పిస్తామన్న పోస్టర్లు,
గోళ్ళతో చింపినవి, వానకు చినిగినవి.
నా సంచీలో టార్చి, అయస్కాంతం, సన్నరంపం,
అరిగిన టూత్‌బ్రష్షు.
గోడ వయసు చెప్పమని నన్ను పిలిచారు.

బిల్డింగు ఓనరు బుచ్చిరెడ్డి గారంటారు:
ఈ అడ్డుగోడ ఆమె పెట్టించిందే,
పీకించే ఖర్చు అడ్వాన్సులో పట్టుకుంటా.
ఫిజియోథెరపీ మెహజబీన్ గారంటారు:
నేనొచ్చేసరికే ఉంది. అప్పుడు నీలం.
తెల్లరంగు ఒక్కటే నాది.
నాదంటే నాదని కాదు,
నీదంటే నీదని పంచాయితీ.

ముందు వేలి కణుపుతో తట్టాను.
ఇటుక గోడ మూలుగుతుంది. ఇది పలికింది,
ఖాళీ బియ్యం డబ్బా మూతలాగ.
టార్చి గోడకు ఆనించి పక్కవాటుగా వెలుగు పారిస్తే
నాలుగడుగులకొక అతుకు
రంగు కింద కుట్టుమచ్చలా లేచింది.
అయస్కాంతం జారి జారి ఒకచోట టక్కున ఆగింది.
అక్కడ స్క్రూ. దాని వెనక రేకు కమ్మీ.

ముఖం చూసి బోర్డు ఎవరిదో చెప్పలేం.
అన్ని ముఖాలూ కాగితం మీద రంగే.
చెప్పేది వీపు.

స్విచ్‌బోర్డు పక్కన జానెడు చదరం కోశాను.
మోచేతుల దాకా సుద్దపొడి.
ఖలీల్ టార్చి పట్టాడు.
బూడిదరంగు అట్ట మీద, సగం తెగిన ఊదా అక్షరాలు:
'...మగిరి జిప్సం.' పన్నెండున్నర మందం.
నవంబరు తొమ్మిది, రెండువేల తొమ్మిది.
మూడో షిఫ్టు. టైము రెండూ పదిహేడు.

రెండూ పదిహేడు.
ఎక్కడో తడిసుద్ద పట్టా మీద పారుతుంటే
పక్కన ఎవడో ఆవలించి ఉంటాడు.
ఆ ఏడు ఆ వేళకు నేనూ మెలకువే,
పంజాగుట్టలో చెవికి ఫోను తగిలించుకుని
నాన్సీని మాట్లాడుతున్నానని చెబుతూ.
బోర్డుకైనా దాని సొంత పేరే వేశారు.

చూశారా, అంది మెహజబీన్,
నేను ఇందులో దిగింది పదిహేనులో.
ఓనరు నవ్వారు. అన్యాయమైన నవ్వేం కాదు.
గోదాంలో ఆరేళ్ళు మూలిగిన సరుకు
చవగ్గా తెచ్చి బిగించి ఉండొచ్చుగా?
ఉండొచ్చు.
ముద్ర పుట్టినరోజు చెబుతుంది,
గృహప్రవేశం చెప్పదు.

చదరాన్ని ఇంకో జానెడు పెంచాను.
లోపల, అవతలి బోర్డు వీపు మీద,
పెన్సిల్ గీతలు. ఎవరో మేస్త్రీ రాసుకున్న హాజిరి:

సోమ 3
మంగళ 3
బుధ బంద్
గురు బంద్
శుక్ర 1, నడిచొచ్చిండు
శని బంద్
ఛాయ్ 11 బాకీ

ఖలీల్ పైకి చదివి ఊరుకున్నాడు.
బుచ్చిరెడ్డి గారు కళ్ళజోడు తీసి, తుడిచి,
మళ్ళీ పెట్టుకుని మళ్ళీ చదివారు.
షట్టర్లు సగం దించిన ఆ రోజులు
ఈ ఊళ్ళో ఎవరికి గుర్తులేవు?
'పాల ప్యాకెట్ల కోసం ఎర్రగడ్డ దాకా నడిచిన,'
అన్నారాయన, గోడతోనే.
ఏ బంద్ అని ఎవరూ అడగలేదు.
ఎన్ని బంద్‌లో! ఏదైనా కానీ,
పదిహేనులో అట్లాంటి వారం లేదు.

రిపోర్టులో తయారీదారు, తేదీ, మందం రాశాను.
గోడ కిరాయిదారు కంటే ముందుది అని రాశాను.
శుక్రవారం నడిచొచ్చినవాడు
ఎక్కణ్ణుంచి నడిచాడో
రాయడానికి ఆ కాగితంలో గడి లేదు.

కోసిన ముక్కను తిరిగి బిగించే ముందు
ఖలీల్ నా చెవి మీది పెన్సిల్ లాక్కుని
ముక్క వీపున ఇవాళ్టి తేదీ వేశాడు.
కింద రాశాడు:
ఇద్దరం. ఛాయ్ 2. ఓనరు ఇచ్చిండు.
బాకీ లేదు.