ఆరో సున్న

చేయి బాడిక్కి అడిగింది మెహరున్నీసా.
"ఎడమ చేయే అక్కా, కుడిచేత్తో నువ్వు కుట్టుకోవచ్చు."
జాకెట్టు కుట్టేదానికి రెండు చేతులూ కావాలని
మందుల కాలేజీలో చెప్పినట్టు లేదు.

అయినా చాపినాను.
మోచేతి కాన్నుంచి మణికట్టు దాకా
నీలం పెన్నుతో ఆరు సున్నలు చుట్టింది,
తప్పులు దిద్దే పంతులమ్మ మాదిరి.

దోమల్ని బుగ్గవంక గట్టున పట్టకొచ్చింది,
గాజుగ్లాసులో,
మూతికి నా కాడ అడుక్కున్న లైనింగు గుడ్డ కట్టి.
"డెంగీ వస్తే ఎట్లమే?"
"రోజూ కుట్టేవి ఇవే కదక్కా,
నేను పిలిచినానని కొత్త జబ్బు తెస్తాయా?"

తాగినది తాగినట్టే
గ్లాసుగోడకు ఆనుకునింది ఒకటి,
పెండ్లి భోజనం చేసినోని మాదిరి,
కడుపు నిండా నేనే.

దద్దుర్లు లేచినాక పూతలు మొదలు.
ఒకదానికి గులాబిరంగు లోషను, ఒకదానికి పండ్ల పేస్టు.
వేన్నీళ్ళలో ముంచిన చెంచా ఒకదాని మీద అదిమి పట్టింది.
మా అత్త వక్కాకు సంచిలోని సున్నం ఇంకోదానికి.
చీటీ లేకుండా ఇయ్యగూడని ట్యూబు, బియ్యపుగింజంత, అయిదోదానికి.
మూత బిగించేసింది.

"ఆరోదానికి మరిచిపోతివే?"
"అది కంట్రోలు అక్కా."

కంట్రోలంటే నాకు తెలిసింది బియ్యమే.
నెలకోసారి సంచి పట్టుకొని నిలబడితే
సూదులకు అరిగిన వేలు మిషను మీద పడక
కొంగుతో తుడిచి, మళ్ళా తుడిచి.

"ఏమీ పూయకుంటే ఎట్లుంటాదో తెలిస్తేనే
పూస్తే ఏమయిందో తెలిసేది."
ఆ మాట
మిషను కింద పడిన సూది మాదిరి
యాడ పడిందో కనపడలేదు,
కాలికి గుచ్చుకునేదాకా.

గంటకోసారి వస్తాది, "పదికి ఎంత నవ?" అని.
పేస్టుది, ముందు చల్లగా మాట్లాడి
ఆనెక అప్పడిగే మనిషి మాదిరి ఉండాదంటే
"అంకె చెప్పక్కా" అంటాది.
నాకు తెలిసిన అంకెలు ఛాతీ, నడుము, భుజం.
నవకు టేపు లేదు.
"సున్నం పెట్టిన కాడ నవ పోయి మంట వచ్చింది,
దానికెన్ని?"
పెన్ను నోట్లో పెట్టుకొని
చానాసేపు ఆలోచించింది పాపం.

రాత్రి పదకొండో యూనిఫారానికి
కాలరు తిప్పుతాంటే కరెంటు పోయింది.
చీకట్లో ఆరో సున్న మేలుకునింది.
గోకద్దని చెప్పిపోయింది, గోకలేదు.
చేయి మిషను ఇనుముకు ఆనించినా.
ఎనభై దాకా లెక్కపెట్టినా.

చిన్నప్పుడు దోమ కుడితే
మాయమ్మ వేలికి ఎంగిలి చేసుకొని పూసి
ఊదేది.
మంగంపేట ముగ్గురాళ్ళు మోసొచ్చిన నోరు,
తెల్లగా, గరగరలాడతా ఉండేది ఆ ఎంగిలి.
నా వేలు ఎప్పుడు నోట్లోకి పోయిందో
నాకే తెలీదు.

పొద్దున్నే చేయి కిటికీ కాడికి లాక్కునింది మెహరున్నీసా.
ట్యూబుది మాయం. లోషనుది పోతాంది.
సున్నం కాడ తోలు లేచింది.
ఆరోది అణిగి ఉండాది.
అణిగినందుకు సంబరపడతాదనుకుంటే
మొగం మాడ్చుకునింది.
"కంట్రోలే తగ్గితే నా లెక్కంతా తప్పక్కా.
ఏమన్నా పూసినావా?"
"ఏం ల్యా."

రెండు చేతులు కుట్టి, విప్పి,
మళ్ళా కుట్టినాక
గోడ అవతలికి కేకేసి చెప్పినా.

కోప్పడలేదు.
కుడిచేతి మీద ఏడు సున్నలు చుట్టింది.
పుస్తకంలో కొత్త గీత గీసి
మందు పేరు కాడ ఎంగిలి అని రాసింది,
కొట్టేసింది,
మళ్ళా అదే రాసింది.
పక్కన ఇంకో గడి ఉండాది,
తయారుచేసినోళ్ళు అని.

"పుల్లక్క" అన్నా.
రాసుకునింది.
గ్లాసు కడిగి
వంక కాడికి పోయింది.